సుగ్గికి పోయొచ్చిన పిల్లలు, పంతులుగారి ప్రతిపాదన



ఈ పూట ప్రసంగం నాలుగైదు పేజీల కాగితాల గురించి. వాటి పేరు చర్యా పరిశోధన ప్రతిపాదన, అంటే టీచరు తన తరగతిలోని చిక్కును తానే తీర్చి చూడడానికి రాసుకునే పథకం. డైట్‌లో, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థలో, చదివే ఛాత్రోపాధ్యాయులు, బి.ఇడి. చేసేవాళ్లు, ఉద్యోగంలో కుదురుకున్న టీచర్లు ఏదో ఒక దశలో దీన్ని రాయాల్సి వస్తుంది. రాయక తప్పదు కాబట్టే అడ్డదారులూ పుట్టాయి. కాలేజీల పక్కన జిరాక్సు షాపుల్లో నిరుటి వాళ్ల ప్రతిపాదన దొరుకుతుంది. ఊరి పేరు, బడి పేరు, తరగతి మార్చి గైడు గారి సంతకం పెట్టించుకుంటే పని అయిపోయినట్టే. ఎక్కడో డెల్టా ఊళ్లో ఎవరో రాసిన సమస్య కర్నూలు జిల్లా పడమటి పల్లెలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉందంటే, కారణం ఆ పల్లె కాదు, ఆ షాపు.

సి.బెళగల్ మండలంలో అలాంటి కాగితం చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియాలంటే ముందు ఆ నేల సంగతి కొంత తెలియాలి.

తుంగభద్రకు దక్షిణపు గట్టున ఉన్న మండలం అది. నదికి అవతల గద్వాల సీమ. ఇవతల గూడూరు, పడమరకు పోతే ఎమ్మిగనూరు, ఇంకా పోతే ఆదోని. నది పక్కనే పారుతున్నా నీళ్లు అందే మళ్లు గట్టు వెంబడి కొన్నే. మిగతాదంతా వాన మీద ఆధారపడ్డ పత్తి, కంది, వేరుశనగ, ఉల్లి. గుండ్రేవుల దగ్గర రిజర్వాయరు కడతారన్న మాట ఏళ్లుగా వినపడుతూనే ఉంది. సొంత చేలో పంట ఇంటికొచ్చాక, లేదా రాకుండా పోయాక, కూలి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుంటాయి. గుంటూరు వైపు మిర్చి కోతలకు కొందరు, తెలంగాణకు పత్తి తీయడానికి కొందరు, బెంగళూరుకు కట్టడం పనులకు కొందరు. దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం, ఏ ఊరడిగినా ఈ మాట తెలుసు. దీపావళి అటూ ఇటూగా మొదలై, మిర్చి కోతలు ముగిసి ఉగాది వచ్చేదాకా సాగుతుంది. ముసలివాళ్లు ఇంటి దగ్గర ఉంటారు. చూసుకునే అవ్వ లేకపోతే పిల్లలూ వెంట పోతారు. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి ఒక పెద్దపిల్ల కావాలి కదా, ఆ పిల్ల కూడా పోతుంది.

దీనికి ముందు ఇంకో కాలం ఉంది. గద్వాల సీమ సీడు పత్తికి పేరుపడ్డది. ఆగస్టు నుంచి నవంబరు దాకా హైబ్రిడ్ విత్తనం కోసం పూవుపూవుకూ చేత్తో పరాగం రుద్దే పని ఉంటుంది. చిన్న చేతులు కావాలన్న సాకుతో ఆడపిల్లల్ని ఆ పనికి పెట్టడం గురించి కర్నూలు, పాత మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి 2000 తర్వాత ఎన్నో నివేదికలు వచ్చాయి. గట్టి ఒత్తిడి వచ్చాక అది తగ్గింది గానీ ఆ నెలల్లో హాజరు పలచబడడం మాత్రం పూర్తిగా పోలేదు.

2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67. జిల్లాలో పడమటి మండలాలు మరీ వెనక. కాబట్టి ఇక్కడ పరిశోధనకు సమస్యలు దొరకవన్న బాధ లేదు. ఏ సమస్యను పట్టుకోవాలో తెలియకపోవడమే చిక్కు. మంచి ప్రతిపాదనకూ జిరాక్సు ప్రతిపాదనకూ తేడా అక్కడే తేలిపోతుంది.

చర్యా పరిశోధన అన్న ఊహకు పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు కర్ట్ లెవిన్. జర్మనీలో మనస్తత్వ శాస్త్రం చెప్పిన యూదు పండితుడు, హిట్లర్ వచ్చిన 1933లోనే దేశం వదిలి అమెరికా చేరాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడ మాంసానికి కరువొచ్చింది. గుండెకాయ, మూత్రపిండాలు లాంటివి వండుకోమని ప్రభుత్వం చెబితే ఇల్లాళ్లు వినలేదు. బోటీ, కార్జం లొట్టలేసుకుని తినే మన సీమవాళ్లకు ఇదొక సమస్యేనా అనిపిస్తుంది, అది వేరే మాట. లెవిన్ బృందం కొన్ని మహిళా బృందాలకు వీటి పోషక విలువ మీద చక్కని ఉపన్యాసం ఇప్పించింది. మరికొన్ని బృందాలను కూర్చోబెట్టి, వండితే వచ్చే ఇబ్బందులేమిటి, వాసన ఎట్లా పోగొట్టాలి, ఇంట్లో మగవాళ్లు ఏమంటారు అన్నవి వాళ్లచేతే మాట్లాడించి, చివర్న ఎవరు వండి చూస్తారో చేయెత్తమంది. తర్వాత విచారిస్తే ఉపన్యాసం విన్నవాళ్లలో వండినది 100కి ముగ్గురు. మాట్లాడుకుని తీర్మానించుకున్నవాళ్లలో 32 మంది. పని చేయాల్సినవాళ్లే ప్రశ్న వేసుకుని, చేసి చూసి, ఫలితం తూచుకోవాలన్న ఆలోచనను లెవిన్ 1946లో వ్యాసంగా రాశాడు. మరుసటి ఏడాదే చనిపోయాడు.

బడికి దాన్ని తెచ్చినవాడు కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీ ఆచార్యుడు స్టీఫెన్ కోరీ. ఆయన పుస్తకం 1953లో వచ్చింది. టీచర్లకు పరిశోధన పద్ధతులు రావు, ఇదంతా పైపై పని అని నాలుగేళ్లు తిరక్కుండానే విమర్శకులు లేచారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది, ఇప్పటికీ ఉంది. దానికి జవాబు తర్వాత చూద్దాం.

మన దేశంలో ఈ పనికి ఇల్లు చూపించింది 1986 జాతీయ విద్యావిధానం. దాని ప్రకారం జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్, వచ్చింది. టీచర్లకు శిక్షణ, బడులకు విద్యాపరమైన ఆసరా, చర్యా పరిశోధన, ఈ మూడూ డైట్‌కు అప్పగించిన ప్రధాన బాధ్యతలు. కర్నూలు డైట్ ఊరి వెలుపల బి.తాండ్రపాడులో ఉంది. 1996లో డిపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలివిడత మొదలైన ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. మహిళా అక్షరాస్యత తక్కువగా ఉన్న జిల్లాలనే దానికి ఎంచుకున్నారు. మండల వనరుల కేంద్రం, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగు లాంటివి టీచర్ల నిత్యజీవితంలో భాగమైంది ఆ రోజుల్లోనే.

ప్రతిపాదన అంటే ఏమిటో ఎవరైనా తేలిగ్గా తెలుసుకోవాలంటే సిద్ధాంత గ్రంథాలకంటే గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా రాసిన దివాస్వప్నం చదవడం మేలు. 1930ల తొలినాళ్ల పుస్తకం. అందులో కథానాయకుడైన మాస్టారు విద్యాధికారి దగ్గరకు పోయి, ఒక తరగతిని తనకు అప్పగిస్తే ఏడాదిపాటు తన పద్ధతిలో చెప్పి చూస్తానంటాడు. అధికారి నాలుగో తరగతి ఇస్తాడు, ఏడాది చివర పరీక్ష మాత్రం ఉంటుందని గట్టిగా చెబుతాడు. ఏ తరగతి, ఎంత కాలం, ఏం చేస్తారు, ఫలితం ఎట్లా తెలుస్తుంది, ఈ నాలుగూ ఆ ఒక్క సంభాషణలో తేలిపోయాయి. ఇవాళ్టి నమూనా ప్రతిపాదనల్లో ఉండే పదిహేను శీర్షికలు ఈ నాలుగింటి పిల్లలే.

ఇక సి.బెళగల్‌కు వద్దాం. మండలంలో ఏదో ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒక టీచరమ్మ ఉందనుకుందాం. పేరు అక్కర్లేదు. నాలుగో తరగతి ఆమెది. పక్కనే మూడో తరగతినీ ఆమే చూసుకోవాలి. ఆమె ప్రతిపాదన రాయాలని కూర్చుంది. మొదట ఆమె కలం నుంచి వచ్చే శీర్షిక ఇలా ఉంటుంది: సి.బెళగల్ మండల ప్రాథమిక పాఠశాలల విద్యార్థుల గణిత అభ్యసనంపై వలసల ప్రభావం, ఒక అధ్యయనం. వినడానికి గంభీరంగానే ఉంది. కానీ ఇందులో చర్య ఎక్కడుంది? మండలంలోని బడులన్నీ ఆమె చేతిలో లేవు. వలసను ఆమె ఆపలేదు. ప్రభావం ఎంతో తెలిసినా రేపు తరగతిలో ఏం మారుతుందో అందులో లేదు. ఇది సర్వే. చేయగలిగినవాళ్లు చేయవచ్చు గానీ చర్యా పరిశోధన కాదు.

రెండో ప్రయత్నంలో హాజరు మీద పడుతుంది: విద్యార్థుల గైర్హాజరును తగ్గించడం. ఇదీ ఆమెకు అందదు. తల్లిదండ్రులతో మాట్లాడితే వాళ్లు సూటిగానే చెబుతారు: "పిల్లోన్ని ఎవురి దగ్గర ఇడిసిపెట్టిపోవాల మేడం? నువ్వు బువ్వ పెడ్తావా?" ఆ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర ఒక జవాబు ఉంది. వలస నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి తిని చదువుకునేలా సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టళ్లు. అవి తెరిచిన ఊళ్లో కొంత ఊరట. తెరవని ఊళ్లో, లేక ఆలస్యంగా తెరిచినచోట, కూలీలను తీసుకుపోయే జీపు వచ్చిన రోజున పిల్లలు ఎక్కేస్తారు. హాస్టల్ తెరిపించడం అర్జీ పెట్టి సాధించాల్సిన పని. పరిశోధనకు పెట్టే పేరు కాదు.

అయితే ఆమె చేతికి అందేది ఏమిటి? తిరిగొచ్చిన పిల్లలు. ఉగాదికి వచ్చినవాళ్లకు ఏప్రిల్‌లో మూడు వారాల బడి దక్కుతుంది. తర్వాత వేసవి సెలవులు. జూన్ 12న బడి తెరిచేసరికి వాళ్లు పై తరగతిలో కూర్చుంటారు. నాలుగైదు నెలల చదువు మధ్యలో ఊడిపోయి ఉంటుంది. ఆ ఊడిపోయిన చోటు ఎక్కడో కనిపెట్టి అక్కడి నుంచి మళ్లీ ఎత్తుకోవడం టీచరు చేయగలిగిన పని, ఆమె ఒక్కతే చేయగలిగిన పని.

ఇక్కడ ఆమెకు మొదటి సాక్ష్యం బీరువాలోనే ఉంది. నిరుటి హాజరు రిజిస్టరు. ఇప్పుడు హాజరు ఫోన్ యాప్‌లోకి ఎక్కుతుంది గానీ రిజిస్టరు చేతిలో పట్టుకుని నెలనెలా వేలు జరుపుతూ చూస్తే కనిపించేది వేరు. నవంబరు వరకూ చక్కగా వచ్చి డిసెంబరు నుంచి ఒక్కసారిగా ఆగిపోయిన పేర్లు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వారానికి రెండు మూడు రోజులు జారిపోయే ఆడపిల్లల పేర్లు. ఈ రెండు గుంపులూ ఒకటి కావు. వాళ్ల సమస్యా ఒకటి కాదు. ప్రతిపాదనలో సమస్య నేపథ్యం అనే శీర్షిక కింద చాలామంది గాంధీ, రవీంద్రుడు, కొఠారీ కమిషన్ అని రెండు పేజీలు నింపుతారు. ఆ చోట రిజిస్టరులోంచి తీసిన పది వరుసలు పెడితే డైట్‌లో దాన్ని చదివే లెక్చరరుకు ఒక్క నిమిషంలో విషయం అర్థమవుతుంది.

తరగతిలో 24 మంది ఉన్నారని, వాళ్లలో తొమ్మిది మంది నిరుడు సుగ్గికి పోయారని అనుకుందాం. జూన్ మూడో వారంలో టీచరమ్మ అందరికీ పది తీసివేతలు ఇస్తుంది. సుగ్గి పిల్లలకే పెడితే వాళ్లను వేరు చేసినట్టవుతుంది, అందుకని అందరికీ. 52లో నుంచి 27 తీసేయమంటే కొందరు 35 వేస్తారు. మార్కులు మాత్రమే చూసే చేయి అక్కడ ఇంటూ కొట్టి పోతుంది. పరిశోధన చేసే కన్ను ఆగుతుంది. 35 ఎట్లా వచ్చింది? ఒకట్ల స్థానంలో 2లో 7 పోదు కాబట్టి 7లో నుంచి 2 తీసి 5 వేశాడు. పదుల్లో 5లో 2 పోతే 3. ప్రతిసారీ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తున్నాడు. 40లో 16 తీయమంటే 36 వేస్తాడు, అదే పద్ధతిలో. ఇది అజాగ్రత్త కాదు. పిల్లాడు తనకు తాను తయారుచేసుకున్న ఒక నియమం, దాన్ని నిజాయితీగా పాటిస్తున్నాడు. ప్రపంచమంతా పిల్లలు చేసే పొరపాటే ఇది, గణిత విద్యా పరిశోధకులు 1970ల నుంచీ దీని మీద రాస్తూనే ఉన్నారు. తొమ్మిది మందిలో ఆరుగురు ఈ నియమం పాటిస్తున్నారని తేలితే ప్రతిపాదనకు సమస్య దొరికినట్టే. గణితంలో వెనుకబాటు అన్న గోనెసంచి లాంటి మాట పోయి, పదిని విప్పి ఒకట్లుగా మార్చుకోవాల్సిన తీసివేతలు అన్న సూది లాంటి మాట వచ్చింది.

కారణాల దగ్గర తొందరపడకూడదు. నమూనా ప్రతిపాదనల్లో కారణాలు ఎప్పుడూ ఒకే వరుసలో ఉంటాయి: తల్లిదండ్రుల నిరక్షరాస్యత, పేదరికం, ఆసక్తి లోపం. మొదటి రెండూ నిజమే అయినా వాటి గురించి టీచరు ఆరు వారాల్లో చేయగలిగింది లేదు. మూడోది తీర్పు, కారణం కాదు. అసలు కారణం కావాలంటే పిల్లాడి పక్కన కూర్చుని, "ఇది ఎట్ల చేసినావురా, చెప్పు" అని అడగాలి. తర్వాత అదే లెక్క నోటితో అడగాలి: "52 రూపాయలు తీస్కపోయి 27 రూపాయల సరుకు తెస్తే చిల్లర ఎంత తెస్తావు?"

ఈ రెండో ప్రశ్న ఎందుకంటే, 1985లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఉంది. రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్ముకునే 9 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఐదుగురిని తెరెజిన్యా నూనెస్ కరాహెర్, ఆమె సహచరులు పరిశీలించారు. బండి దగ్గర కొనుగోలుదారులుగా నిలబడి లెక్కలడిగితే 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను కాగితం మీద అంకెల్లో ఇస్తే 37 శాతమే. మన దేశంలోనూ కలకత్తా, ఢిల్లీ సంతల్లో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం చేసిన పెద్ద అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరంలో చురుగ్గా లెక్క కట్టే పిల్లలు బడి లెక్కల్లో తడబడుతున్నారనీ, బడిలో మాత్రమే లెక్కలు నేర్చిన పిల్లలు సంత లెక్కల్లో తడబడుతున్నారనీ అందులో తేలింది. గుంటూరు మిర్చి చేలో ఏ పూట ఎన్ని కిలోలు తూగాయో అమ్మ పక్కన నిలబడి విన్న పిల్లాడికి కూలి లెక్క తెలియకుండా ఉంటుందా? ఆ లెక్క కాగితం మీదికి దిగడం లేదేమో. దిగడం లేదా, అసలు లేదా, ఈ తేడా తెలిస్తేనే చర్య ఏమిటో తేలుతుంది.

నోటి లెక్క వచ్చి కాగితం లెక్క రాని పిల్లలే ఎక్కువ అని తేలిందనుకుందాం. అప్పుడు చర్యా పరికల్పనను టీచరమ్మ ఇలా రాసుకోవచ్చు: సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లలకు ఆరు వారాలపాటు రోజూ 20 నిమిషాలు, పది రూపాయల, రూపాయి ఆట నోట్లతో చిల్లర మార్చే పని చేయించి, చేసినది వెంటనే అంకెల్లో రాయిస్తే, పది విప్పాల్సిన తీసివేతల్లో పెద్దలోంచి చిన్న తీసే పొరపాటు తగ్గుతుంది. వాక్యం పొడుగ్గా ఉంది గానీ ఇందులో ఎవరికి, ఎంత కాలం, ఏం చేస్తే, ఏది మారుతుంది అన్నవన్నీ ఉన్నాయి. విద్యార్థుల సామర్థ్యాలు మెరుగుపడతాయి అని రాస్తే ఓడిపోవడం అంటూ ఉండదు, అందుకే చాలామంది అట్లా రాస్తారు. ఓడిపోవడానికి వీల్లేని పరికల్పన గెలిచినా తెలియదు.

ఇంకో చిక్కు మిగిలింది. మిగతా పదిహేను మందీ, పక్కన మూడో తరగతీ ఆ 20 నిమిషాలు ఏం చేయాలి? ప్రతిపాదన చదివేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే, రాసేవాళ్లు మర్చిపోయేదీ ఇదే. దీనికి తెలుగు నేల మీదే పుట్టిన జవాబు ఉంది. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల ఊళ్లలో ఒకే టీచరున్న బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక నిచ్చెన పటం మీద మెట్లుగా పేర్చారు. పిల్లలు తమ మెట్టు తాము చూసుకుని కార్డు తీసుకుని పని చేసుకుంటారు. కొత్తది నేర్చుకునే కార్డు, సాధన కార్డు, పరీక్ష కార్డు, వెనకబడితే ఇంకో కార్డు. ఇందులో ఒక గొప్ప సంగతి, పిల్లాడు రెండు నెలలు రాకపోయినా తరగతి అతన్ని వదిలి ముందుకు పోయినట్టు ఉండదు. తిరిగొచ్చిన రోజున తన మెట్టు దగ్గరే నిలబడతాడు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట టీచర్లు దాన్ని చూసి వెళ్లి కన్నడంలో నలి-కలి మొదలుపెట్టారు. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు, ఆ తర్వాత తమిళనాడు అంతా అందుకున్నాయి. సి.బెళగల్ టీచరమ్మ మొత్తం నిచ్చెన కట్టాల్సిన పనిలేదు. తీసివేతకు పన్నెండు కార్డులు, మిగతా పిల్లలకు మరో రెండు మూడు అంశాల కార్డులు చాలు. అట్టముక్కల మీద స్కెచ్‌పెన్నుతో రాసుకోవచ్చు. ఖర్చు అంచనా అన్న శీర్షిక కింద అట్టలు, పెన్నులు, ఆట నోట్లు, లామినేషను రాస్తే సరిపోతుంది. ప్రొజెక్టరు అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా కరెంటు ఉండాలి.

కాలపట్టిక దగ్గర ఈ ప్రాంతపు ప్రతిపాదన మిగతా చోట్లకంటే వేరుగా ఉండి తీరాలి. డిసెంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగించే పరిశోధన రాయలసీమ పడమటి పల్లెల్లో ఖాళీ బెంచీల మీద జరుగుతుంది. జూన్ మూడో వారంలో పూర్వ పరీక్ష, నాలుగో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా చర్య, రెండో వారంలో ఉత్తర పరీక్ష అని రాస్తే సీడు పత్తి పని ఊపందుకోకముందే అసలు భాగం ముగుస్తుంది. దసరా సెలవుల తర్వాత, జీపులు కదలకముందు, మరోసారి అవే రకం లెక్కలు. నేర్చుకున్నది రెండు నెలలు నిలిచిందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఈ మూడో పరీక్ష నమూనాల్లో ఎక్కడా కనిపించదు. సుగ్గి పిల్లల విషయంలో మాత్రం అన్నిటికంటే ముఖ్యం అదే, ఎందుకంటే వాళ్ల సమస్య నేర్చుకోకపోవడం కంటే నేర్చినది నిలవకపోవడం.

సాక్ష్యాలు పరీక్ష కాగితాలతో ఆగకూడదు. రోజూ రాత్రి రెండు వాక్యాల డైరీ, వారానికి ఒక పిల్లాడితో మాటలు, కార్డుల మీద పిల్లలు గీసిన గీతలు కూడా పక్కన పెట్టుకోవాలి. పక్క బడి టీచరెవరైనా నెలకోసారి వచ్చి ఆ 20 నిమిషాలు కూర్చుని చూస్తే ఇంకా మంచిది. కాంప్లెక్స్ మీటింగులో పరిచయమైన సారో, మేడమో అయితే చాలు. సొంత తరగతిని సొంత కన్నుతోనే చూసుకుని మెచ్చుకునే ప్రమాదం ఉంది. 1950ల విమర్శకులు పట్టుకున్నది దాన్నే. ఇంకొకరి కన్ను పెట్టుకోవడం దానికి కొంత విరుగుడు.

గణాంకాల సంగతి. తొమ్మిది మంది పిల్లల మార్కులకు టి-పరీక్ష చేసి, 0.05 స్థాయిలో సార్థకం అని రాయడం బి.ఇడి. ప్రతిపాదనల్లో ఒక ఆచారమైపోయింది. అది పెద్ద అధ్యయనాల వేషం. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల ప్రోత్సాహకాల మీద చేసిన ప్రయోగం 2011లో అచ్చయింది. అందులో 300 గ్రామీణ బడులు. వంద బడుల్లో ఒక రకం బోనసు, వంద బడుల్లో మరో రకం, పోల్చడానికి మరో వంద. బడులను లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారు. రాష్ట్రమంతటికీ ఏది పనికొస్తుందన్నది వాళ్ల ప్రశ్న, దానికి ఆ సరంజామా కావాలి. టీచరమ్మ ప్రశ్న తన తరగతిలోని తొమ్మిది మంది. జూన్‌లో ఆరుగురు చేసిన పొరపాటు ఆగస్టులో ఎందరు చేశారు, దసరా తర్వాత ఎందరు చేశారు అని పేర్ల బదులు అక్షరాలు వేసి ఒక పట్టిక గీస్తే ఏ సూత్రమూ అక్కర్లేకుండా అందరికీ కనిపిస్తుంది. తన ఫలితం జిల్లా అంతటికీ వర్తిస్తుందని మాత్రం రాయకూడదు. పరిమితులు అన్న శీర్షిక ఉన్నది ఆ మాట చెప్పుకోవడానికే.

పేర్ల బదులు అక్షరాలు అన్నాం కదా, అది అలంకారం కాదు. ఈ నివేదిక డైట్‌కు పోతుంది, నలుగురూ చదువుతారు. ఏ ఇంటివాళ్లు అప్పు చేసి సుగ్గికి పోయారో, ఏ పిల్ల సీడు పత్తి పనికి పోయిందో ఊళ్లో అందరికీ తెలిసినా కాగితం మీద అది ఆ పిల్లకు ముద్ర అవుతుంది. తరగతిలో కూడా సుగ్గి పిల్లలంతా ఈ వరుసలో కూర్చోండి అని ఒక్కసారి అంటే ఆరు వారాల పని అక్కడే చెడుతుంది. కార్డుల పద్ధతిలో అందరూ తలా ఒక మెట్టు మీద ఉంటారు కాబట్టి ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది. కులం వారీ పట్టిక కూడా అంతే. ప్రశ్నకు అది అవసరం లేనప్పుడు నమూనాలో గడి ఉంది కదా అని నింపనక్కర్లేదు. తల్లిదండ్రులకు ముందుగా ఒక మాట చెప్పి ఒప్పించుకోవడం మర్యాద, దాన్నీ ప్రతిపాదనలో రాయాలి.

ఇంత చేశాక కూడా అనుకున్నట్టు జరగకపోవచ్చు. వానలు ముందే మొహం చాటేస్తే జీపులు దసరాకు ముందే కదులుతాయి. మూడో పరీక్ష రాయాల్సిన పిల్లల్లో సగం మంది అప్పటికి తెలంగాణ పత్తి చేల గట్టున గుడారాల్లో ఉంటారు. ఇప్పుడు దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఒక ఫోన్ ఉంది. సాయంత్రం కూలి ముగిశాక ఫోన్ చేసి, ఐదు లెక్కలు నోటితో అడిగి, ఒకటి కాగితం మీద చేసి ఫొటో పంపమనవచ్చు. బడిలో రాసిన పరీక్షకూ ఫోన్‌లో చెప్పినదానికీ తేడా ఉంటుంది కాబట్టి రెండింటినీ ఒకే వరుసలో కలపకూడదు, వేరే నిలువు గీసుకోవాలి. ఆ నిలువు కోసం జూన్‌లో రాసే ప్రతిపాదనలోనే ఒక వాక్యం పెట్టి, బడి తెరిచిన వారంలోనే తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు రిజిస్టరు చివరి పేజీలో రాసుకుంటే టీచరమ్మకు అక్టోబరులో వెతుకులాట తప్పుతుంది.